మా బావ వణికే గడియారం

నిన్న మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగు జరిగినప్పుడు నేను రోజూలాగే కుర్చీలోంచి జానెడు ఎత్తు ఎగిరాను. పుట్టింది, పెరిగింది, జుట్టు నెరిపించుకున్నది అంతా గోదావరిఖనిలోనే అయినా ఈ పేలుడు నా ఒంటికి ఇంకా అలవాటు కాలేదు. వంటింట్లో గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి, గోడ మీది క్యాలెండరు వచ్చే నెల దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది, నా చెయ్యి పోయి బల్లకు ఠపీమని తగిలింది. వెంటనే మణికట్టు మీది గడియారం గజగజా వణికి, మీరు కింద పడ్డారా అని అడిగింది. లేదని నొక్కాను. నమ్మకం కుదరనట్టు ఇంకోసారి వణికింది. ఈ భూమ్మీద నా క్షేమాన్ని రోజూ తప్పకుండా విచారించే ప్రాణి ఇదొక్కటే కాబట్టి దాని మీద నాకు కోపం రాదు. పైగా ఇది నేను కొన్నది కాదు. మా బావ తన చేతి నుంచి ఊడదీసి నా చేతికి పెట్టింది.

మా బావ అంటే మా అక్క భర్త. భూగర్భ గనిలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాడు. గనిలో రూఫ్, అంటే తల మీది కప్పు, గట్టిగా ఉందో లేదో చూడడం ఆయన పని. ఇనుప పొన్ను వేసిన కర్రతో కప్పును కొట్టి చప్పుడు వినేవాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల పగిలిన కప్పు ఖాళీ డబ్బాలా డొల్లగా మోగుతుంది. ఆయన మంచిగున్నదంటే షిఫ్టు మొత్తం దాని కింద కూర్చుని సద్ది విప్పేది. జరుగుండ్రి అంటే నోట్లో ముద్ద నోట్లోనే ఉంచుకుని జరిగేది. ఆ చెవుల కీర్తి ఎంత దూరం పాకిందంటే, కాలనీలో ఎవరు పుచ్చకాయ తెచ్చినా, కొత్త కుండ కొన్నా ముందు ఆయన దగ్గరికి తీసుకొచ్చి కొట్టించేవారు. పిల్లనివ్వడానికి ముందు మా నాన్న ఆయనతో మా ఇంటి గోడలన్నీ కొట్టించి చూసుకున్నాడని నేను చెబుతుంటాను. అది అబద్ధం. రెండు గోడలే.

అంతటి మనిషి రిటైరయ్యాక ఫోనులో బొమ్మలు చూసి సామాన్లు తెప్పించుకునే జబ్బులో పడ్డాడు. మొదట వచ్చింది మెడలో వేసుకునే ఫ్యాను. మే నెలలో మా దగ్గర సూర్యుడు కూడా తలకు తువ్వాల చుట్టుకుని బయటికొస్తాడు కనుక దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. కాకపోతే ఎద్దు మెడ మీది కాడిలా ఉండే ఆ వస్తువును తగిలించుకుని ఆయన హోటలుకు పోతే, మెడ పట్టిందనుకుని నలుగురు మనుషులు కుర్చీ ఖాళీ చేసి ఇచ్చారు. తర్వాత నేల ఊడ్చే రోబో వచ్చింది. తవా అంత గుండ్రంగా, చాలా గంభీరంగా బయల్దేరేది. పాపం దాన్ని తయారుచేసినవాళ్ళు మా ఊరి బొగ్గు దుమ్మును ఊహించి ఉండరు. సగం గది ఊడ్చేసరికి కడుపు నిండిపోయి, గుడ్డిదీపం ఆర్పుకుంటూ వెలిగించుకుంటూ తన మూలకు పోయి పడుకునేది. మా అక్క దాన్ని చీపురుతో పక్కకు తోసి, ఇది మస్టరు పడంగనే, అంటే హాజరు రాయించుకోంగనే, ఇంటికొచ్చే రకం అని తేల్చేసింది.

ఆ తర్వాత వచ్చిన సామాన్ల తీరు మారింది. ఆ సంగతి నేను అప్పుడు గమనించలేదు. గమనించి ఉంటే ఇంత నవ్వేవాణ్ణి కాదు. దిండు కింద పెట్టుకుంటే తెల్లవారుజామున మంచాన్ని జాతరలా ఊపేసే అలారం వచ్చింది. నొక్కితే మోగకుండా ఇంట్లో బల్బులన్నీ పెళ్ళివారి విడిదిలా మిలమిలలాడించే కాలింగ్ బెల్లు వచ్చింది. ఫోను వస్తే వణికే, నడిస్తే వణికే, నడవకపోతే మరీ వణికే ఈ గడియారం వచ్చింది. చివరికి కుక్కరుకు తగిలిస్తే ఎన్ని కూతలు వేసిందో ఎర్రటి అంకెల్లో చూపించే చిన్న డబ్బా వచ్చింది. ఆ డబ్బా దగ్గర మా అక్క మనసు విరిగింది. పెళ్ళైన నాటి నుంచి కూతలు లెక్కపెడుతున్నానని, తన చెవులకు ఏం రోగమొచ్చిందని ఇది తెచ్చినట్టని నా దగ్గర వాపోయింది. నేను ఆ మాటను జేబులో వేసుకుని హోటలుకు పోయి, అక్కడ దానికి చెవులు, ముక్కు, తోక అతికించి, మా బావ త్వరలో అన్నం నమిలే యంత్రం కూడా తెప్పిస్తున్నాడని చెప్పి, చాయ్ తాగుతున్నవాళ్ళకు పొలమారేలా చేశాను.

బావ కూడా అక్కడే ఉన్నాడు. అందరూ నవ్వాక, ఒక్క క్షణం ఆలస్యంగా తనూ నవ్వాడు. ఆయన పెద్దమనసు చేసుకున్నాడనుకున్నాను. ఆ రోజుల్లో ఆయనకు ఒక వాదం కూడా ఉండేది. ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగులో మునుపటి బలం లేదని, కంపెనీ వాళ్ళు పేలుడు మందులో పొదుపు చేస్తున్నారని, ఇట్లయితే బొగ్గు పెళ్ళలు పగలవు, పెద్దపెద్ద బండలే లేస్తాయని కనిపించినవాడికల్లా చెప్పేవాడు. గనిలో అంతకాలం పనిచేసిన మనిషి కదా అని జనం నమ్మారు. ఇద్దరు ముగ్గురు తమకూ అట్లే అనిపిస్తున్నదన్నారు. మూడు కిటికీల అద్దాలు పగిలిన ఇంటాయన మాత్రం కొత్త అద్దాలకు కొలతలు తీసుకుంటున్నాడు.

ఒక రోజు ఉదయం మా అక్క స్నానాల గదిలో జారి పడింది. ఎముక విరగలేదు, మడమ మెలికపడింది. లేవలేక బావను పిలిచింది. ఆయన ముందు గదిలోనే కూర్చుని పేపరు చదువుతున్నాడు. పిలవగా పిలవగా గొంతు రాచుకుపోయింది గాని ఆయన రాలేదు. బకెట్టు పట్టుకుని, గోడ పట్టుకుని తనే లేచి, కుంటుకుంటూ బయటికొచ్చి చూస్తే ఆయన అప్పుడే పేజీ తిప్పుతున్నాడట. మా అక్క తిట్టలేదు. ఆమె తిడితే ఎవరికీ భయముండదు, తిట్టనప్పుడే ఉంటుంది. రెండు చీరలు సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కి మా ఇంటికి వచ్చేసింది. ఎందుకొచ్చావంటే, "ఆయన డబ్బాలు వణికితే లేస్తడు తమ్మీ, నేను ఏడిస్తె లేవడు. ఇగ నేనుండి ఏం జెయ్యాలె" అన్నది. మూడు రోజులు మా ఇంట్లో ఆమె సరిగ్గా అన్నం తినలేదు. ఆ వయసులో మనిషి అంత నెమ్మదిగా ఒక కాపురాన్ని సంచిలో పెట్టుకుని రావడం చూస్తే, నాకు అతిశయోక్తులేవీ తోచలేదు.

నాలుగో రోజు పొద్దున బావను నాలుగు మాటలు అడిగి వద్దామని బయల్దేరాను. దారి పొడవునా మాటలకు సాన పెట్టుకున్నాను. తీరా పోయేసరికి కరెంటు లేదు. దేశం సగానికి వెలుగు పంపే కరెంటు ప్లాంటు పొగగొట్టాల నీడలో మేముంటాం గాని, మా కాలనీలో మధ్యమధ్య కరెంటు పోతూనే ఉంటుంది. బెల్లు నొక్కితే బల్బులు వెలగలేదు. తలుపు మీద దబదబా బాదాను, బావా అని అరిచాను. పక్కింటి కుక్క లేచింది, ఎదురింటి అవ్వ బయటికొచ్చింది, వీధి చివర పాలాయన బండి ఆపాడు. కిటికీ దగ్గరికి పోయి చూస్తే మా బావ నాకు రెండు మూరల దూరంలో, నాకు వీపు పెట్టి, గోడకు అరచెయ్యి ఆనించి నిలబడి ఏదో ఆలోచిస్తున్నాడు. ఆయన పేరు పెట్టి కూడా పిలిచాను, పుట్టిన తర్వాత మొదటిసారి. తిరగలేదు. పిడికిలితో కిటికీ చట్రం మీద ఒక్క గుద్దు గుద్దాను. గోడ అదిరింది. అప్పుడు చటుక్కున తిరిగాడు.

నా మొహం చూసి ఆయనకు అర్థమైంది. ఆయన మొహం చూసి నాకూ అర్థమైంది. సాన పెట్టుకున్న మాటలన్నీ గడప దగ్గరే వదిలి లోపలికి పోయాను. ఆయన మెడ ఫ్యానును అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. పెదవులు కదలడం చూసి మాట పట్టుకుంటున్నానని, వెనకనుంచి పిలిస్తే తెలియదని, రెండు మూడేళ్ళుగా ఇట్లే నెట్టుకొస్తున్నానని చెప్పాడు. దవాఖానకు పోతే అయిపోయేదానికి ఇన్ని సామాన్లెందుకు బావా అన్నాను, ఆయన చూసేలా, నిదానంగా.

"పోతె డాక్టర్ అడుగుతడు, ఎప్పటి సంది అని" అన్నాడు. "రిటైరైనంక చెవులు పోయినయంటె బాధ లేదు. అంతకంటె ముందే పోయినయనుకో? మంచిగున్నది, కూసోండ్రి అని ఎంతమందికి జెప్పిన నేను?"

ఎవరికీ ఏమీ కాలేదు కదా అన్నాను.

"కాలేదు. నేను ఇన్నందుకు కాలేదా, ఆళ్ళ నసీబు మంచిగుండి కాలేదా? గది తెల్వాలంటె నాకు భయం బామ్మర్ది."

అందరికంటే ఆలస్యంగా వచ్చిన ఆ హోటలు నవ్వు నాకు గుర్తొచ్చింది. నా జోకు ఆయనకు వినపడనే లేదు. పక్కవాళ్ళ పళ్ళు చూసి నవ్వాడు.

ఇంటికొచ్చి అక్కకు చెప్పాను. మొదటిసారి ఏమీ కలపకుండా చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. సంచి సర్దుకున్నది. ఇంటికి పోయాక ఆయన్ని పిలవలేదట, మంచి కాలి మడమతో నేల మీద గట్టిగా కొట్టిందట. కుర్చీలో కూర్చున్నాయన పాదాలకు తగిలి లేచి వచ్చాడట. అది ఆమె సిగ్గుపడుతూ తర్వాతెప్పుడో చెప్పింది.

ముగ్గురం బస్సెక్కి, గోదావరి దాటి మంచిర్యాలలో చెవుల డాక్టరు దగ్గరికి పోయాం. పరీక్ష చేసి, కాగితం మీద దిగుడుబావి మెట్లలా కిందికి పోతున్న గీత ఒకటి చూపించి, డాక్టరు ఆ ప్రశ్న అడగనే అడిగాడు. ఎప్పటి నుంచి. బావ ఒకసారి నా వైపు చూసి, నేల వైపు చూసి, డ్యూటీల ఉన్నప్పటి సంది గావచ్చు సార్ అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి ఆయనకు ఎంత బలం కావాల్సి వచ్చిందో నేను పెంచి చెప్పలేను, తగ్గించీ చెప్పలేను. సరిగ్గా ఏ ఏడని ఈ గీత చెప్పదు, మెల్లగా పోతాయి అన్నాడు డాక్టరు.

అప్పుడు మా అక్క, డాక్టరు ఉన్నాడని కూడా చూడకుండా, బావ ఎడమ చెయ్యి అందుకుని వెల్లకిల తిప్పింది. ఆయన కళ్ళకు ఎదురుగా మొహం పెట్టి మాట్లాడింది. "ఆఖరి ఏండ్లల్ల ఈ చెయ్యి నిండ రాయి గీరుకపోయిన గీతలుంటుండె. రోజు కొబ్బరినూనె రాసింది నేను. కర్రతోని కొట్టుకుంట ఈ చెయ్యి రూఫ్‌కు ఆనిచ్చి అదురు సూస్తుంటివన్నట్టే. నీ చెవులు పోయినయని నీకు తెల్వకముందే నీ చెయ్యికి తెలిసింది."

బావ తన అరచేతిని కొత్తగా తెప్పించుకున్న వస్తువును చూసినట్టు చాలాసేపు చూసుకున్నాడు. ఆమె చెప్పింది పూర్తి జవాబు కాదని ముగ్గురికీ తెలుసు. మొదటి గీత ఏ రోజు పడిందో, దానికి ముందు ఎన్ని రోజులు చెవులనే నమ్ముకుని కూర్చోండ్రి అన్నాడో ఎవరికీ తెలియదు. అయినా తిరుగు బస్సులో ఆయన కిటికీ చట్రం మీద వేలితో కొట్టి, ఆ చెయ్యే ఆనించి, తల ఊపుతూ కూర్చున్నాడు.

శనగగింజంత మిషను చెవుల్లో చేరాక మొదటి మధ్యాహ్నం బ్లాస్టింగుకు బావ మంచం మీద నుంచి నాకంటే రెండు జానలు ఎక్కువ ఎగిరాడు. ఇయ్యాల మందు ఎక్కువ పెట్టిండ్రా అని అడిగితే, రోజూ గంతనే అన్నది అక్క. సాయంత్రం హోటలుకు పోయి, కంపెనీ మీద తను వేసిన అభాండాన్ని అందరి ముందూ వెనక్కి తీసుకున్నాడు. తమకూ అట్లే అనిపించిందన్నవాళ్ళు మాత్రం తీసుకోలేదు. మెరిసే బెల్లు అటకెక్కింది. కూతల డబ్బాను అక్క తనే ఉంచుకున్నది. చెవులొచ్చాక ఈయన మాటలు ఆపడం లేదని, లెక్క తప్పుతున్నదని చెప్పింది. గడియారం నాకొచ్చింది. నీకు పనికొస్తది, పెట్టుకో అన్నాడు బావ, ఎందుకో చెప్పకుండా.

ఈ మధ్య మా ఆవిడ వంటింట్లోంచి రెండోసారి పిలిచాక గాని నేను పలకడం లేదట. పేపరు చదువుతున్నానని చెప్పాను. మనలో ప్రతివాడి దగ్గరా కాలం డ్యూటీ చేసి పోతూనే ఉంటుంది గాని, ఏ షిఫ్టులో ఏం పట్టుకుపోయిందో ఏ మస్టరులోనూ రాసి ఉండదు.