నాలుగు వందల పన్నెండో గూడు

గోదావరిఖనిలో నలభై ఏళ్ల వయసున బి.ఏ. చదవాలంటే తెలివికన్నా ముందు మొండి చెవులు కావాలి. అంద్రెయకు అవి పుష్కలంగా ఉన్నాయి. గనిలో పైకప్పు విరిగిపడి ఎడమ కాలు నలిగాక, అతన్ని బొగ్గు నింపే పని నుంచి తప్పించి గని ల్యాంపు రూములో వేశారు. దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇవ్వడం, పైకి వచ్చేవాళ్ల దగ్గర తీసుకోవడం పన్నెండేళ్లుగా అతని డ్యూటీ. మెట్రిక్ రెండుసార్లు తప్పాడు, పి.యు.సి. ఒకసారి. 1974లో బి.ఏ. ఆఖరి ఏడాదికి వచ్చేసరికి, కిటికీ ముందు వరసలో నిలబడ్డ ప్రతివాడూ కలెక్టర్ ఎప్పుడైతవ్ కాకా అని అడిగిగానీ లైటు తీసుకునేవాడు కాదు.

ఆదివారాలు చర్చి బడిలో పాఠాలు చెప్పడానికి కరీంనగర్ నుంచి దయాసాగర్ అనే కుర్ర లెక్చరర్ బస్సులో వచ్చేవాడు. ప్రభుత్వ విధానాలు, పనిలో ప్రేరణ, వలస పాలన, బానిసత్వం, ఇవన్నీ ఒకే పేపరులో ఎవరు కుక్కారో గానీ, ఆయన ఆవేశంగానే చెప్పేవాడు. ఒకరోజు ఓడల్లో గొలుసులు వేసి తరలించిన మనుషుల గురించి చెప్పి, అక్కడినుంచి ఒక్క దూకు దూకి గోదావరిఖనికి వచ్చాడు. బొగ్గు గని కార్మికుడు నేటి బానిస అన్నాడు. రుజువేమిటంటే అతనికి పేరుండదు, నంబరుంటుంది. ఈ మాట వినడానికి బాగుంటుంది. మీటింగుల్లో చప్పట్లు కూడా పడతాయి. మనిషి పని ఎందుకు చేస్తాడన్న వ్యాసంలో మిగతా ఏడుగురు విద్యార్థులూ దాన్నే తిప్పి తిప్పి రాశారు.

అంద్రెయ రాయలేదు. అతను తన తండ్రి గురించి రాశాడు.

కమాన్‌పూర్ దగ్గరి ఊళ్లో దొర గడీకి వాళ్లది వెట్టి ఇల్లు. అంద్రెయకు తొమ్మిదేళ్లప్పుడు తండ్రి జ్వరంతోనే దొర ధాన్యం బండి తోలుకుపోయాడు. రెండోరోజు ఎడ్లు వచ్చాయి, మనిషి రాలేదు. తల్లి యేసమ్మ గడీ ముందుకు పోయి ఏడిస్తే, లోపలినుంచి వచ్చిన గుమాస్తా ఎడ్లను తడిమి చూసి, రెండూ ఉన్నాయి కదా అని లోపలికి వెళ్లిపోయాడు. మూడోరోజు వాగు ఒడ్డున శవాన్ని వెతుక్కున్నది ఆమే. బానిసకు నంబరుంటుందని సార్ చెప్పారు, మా నాయనకు అది కూడా లేదు అని అంద్రెయ రాశాడు. గనిలో నంబర్ల పద్ధతి ఇంగ్లీషువాళ్లు లైట్లు పోకుండా పెట్టుకున్నారు, మనిషి పోకుండా దాన్ని కాపాడుకుంటున్నది మేము అని కూడా రాశాడు. ఆఖర్న ఒక వాక్యం: మనిషి తనకోసం ఎవరో ఎదురుచూసేచోట పని చేస్తాడు.

వ్యాసం ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. ఇది యాజమాన్యం భాష, మళ్లీ రాయండి అని ఉంది. లెక్చరర్ సంతకం లేనిదే పరీక్షకు పేరు పోదు. వచ్చే ఏడు సిలబస్ మారుతుంది, పేపర్లన్నీ మళ్లీ మొదటినుంచి కట్టుకోవాలి. నలిగిన కాలికన్నా అంద్రెయను ఆ 'యాజమాన్యం' అన్న మాట ఎక్కువ సలిపింది. ఆ వారమంతా వ్యాసం ముందు పెట్టుకుని కూర్చున్నాడు గానీ ఒక్క అక్షరం మార్చలేకపోయాడు.

"కొట్టేసి ఆయన చెప్పిందె రాయరాదు బిడ్డా," అంది యేసమ్మ. "మీ నాయన ఏమన్న అనుకుంటడా."

"నేననుకుంట అవ్వా."

ఆదివారం అతను వ్యాసం మార్చకుండానే పట్టుకుపోయి, ఒక్కసారి ల్యాంపు రూముకు వచ్చి చూసి అప్పుడు కొట్టేయమని సార్‌ను అడిగాడు. దయాసాగర్ తలబిరుసువాడే గానీ మోసగాడు కాదు. బుధవారం మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు వచ్చాడు.

గోడ పొడవునా ఛార్జింగు గూళ్లు, ప్రతి గూటికీ ఒక నంబరు. లైటు గూట్లో ఉంటే మనిషి పైన ఉన్నాడు, గూడు ఖాళీగా ఉంటే కింద ఉన్నాడు. అంద్రెయ ఇదంతా వివరిస్తుండగా, కడుపునొప్పని తన గ్యాంగుకన్నా ముందుగా పైకొచ్చిన రాయమల్లు 412 నంబరు లైటు కిటికీలో పెట్టి ఇంటికి పోయాడు. మామూలుగా అయితే అంద్రెయ చెయ్యి దానంతటదే గూటివైపు పోయేది. ఆరోజు చూపించాలన్న సంబరం కదా, లైటును సార్ చేతికి ఇచ్చాడు. సార్ దాన్ని తలకు పెట్టుకుని, వెలుతురు ఎంతదాకా పడుతుందో చూడాలని వెనక చీకటి స్టోరుగదిలోకి పోయి, అక్కడి పాత సామాన్లు చూస్తూ ఉండిపోయాడు. ఈలోగా రెండో షిఫ్టు జనం కిటికీ మీద పడ్డారు. ఆ లైటు సంగతి అంద్రెయకు గుర్తే లేదు.

జనం సద్దుమణిగాక రాయమల్లు పనిచేసే మొగిలి గ్యాంగు పైకొచ్చింది. ఎనిమిది గంటలు బొగ్గు నింపిన పదిమంది, కళ్లు తప్ప ఏమీ కనబడని మొహాలు. ఇంటికి పోయేముందు తమవాళ్ల గూళ్లన్నీ ఒకసారి చూసుకోవడం ఆ గ్యాంగు అలవాటు. ఎవరూ పెట్టిన రూలు కాదు. మొగిలి చూపు 412 దగ్గర ఆగింది.

"రాయమల్లు రాలె," అన్నాడు.

నొప్పితో ఒంటరిగా బయల్దేరినవాడు దారిలో ఎక్కడ పడ్డాడోనని అందరికీ ఒకేసారి తోచింది. అప్పుడే అప్పగించిన లైట్లు మళ్లీ లాక్కుని గని నోటివైపు తిరిగారు. గ్యాంగులోని ముసలి ముత్యం చేతిలో చాయ గ్లాసుంది. దాన్ని అరుగు మీద పెట్టి అతనూ నడిచాడు.

ఖాళీ గూడు చూసి అంద్రెయ కూడా రాయమల్లు కిందే ఉన్నాడనుకున్నాడు. సరిగ్గా అప్పుడు స్టోరుగదిలోంచి, నుదుటి మీద 412 వెలిగించుకుని లెక్చరర్ బయటికొచ్చాడు.

పన్నెండేళ్లలో అంద్రెయ పరుగెత్తడం ఎవరూ చూడలేదు. ఆరోజు కుంటుతూనే పరుగెత్తాడు. ఏటవాలు దారిలో సగం దిగిన గ్యాంగును కేకేసి ఆపి, తప్పు తనదేనని, రాయమల్లు ఇంటికి పోయి చాలాసేపయిందని చెప్పాడు.

"బి.ఏ. చదివితె గిట్లయితదా కాకా," అన్నాడు మొగిలి. "ఎమ్మే జోలికి మాత్రం పోకు. మమ్ములనందరిని బొంద పెడ్తవ్."

పైకి వచ్చాక దయాసాగర్ ఉండబట్టలేక మొగిలిని అడిగాడు, మళ్లీ దిగితే కంపెనీ అదనంగా ఏమన్నా ఇస్తుందా అని. మొగిలి ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు.

"సార్, రేపు నా గూడు ఖాళీగుంటె ఎవడు సూడాలె?"

అంద్రెయ ఆ సాయంత్రమే తన తప్పు తనే రాసి ఇంచార్జికి ఇచ్చుకున్నాడు. మెమో వచ్చింది, అతని సర్వీసులో మొదటిది. బస్సు ఎక్కేముందు దయాసాగర్ వ్యాసం తెప్పించుకుని, ఎర్ర సిరా మీద నల్ల సిరాతో సంతకం పెట్టాడు. పూర్తిగా ఒప్పుకోలేదు. ఆ నంబరును కాపాడుకునే భారం కార్మికుడి మీదే ఎందుకు పడిందో కూడా రాయమన్నాడు. అది న్యాయమైన ప్రశ్నేనని అంద్రెయకు అనిపించి, అదీ రాశాడు.

బి.ఏ. మూడో తరగతిలో పాసయ్యాడు. ఫలితాలొచ్చిన రోజు అతని డ్యూటీ మొదటి షిఫ్టు. ఆ మధ్యాహ్నం మొగిలి గ్యాంగు లైట్లు ఇచ్చింది, గూళ్లన్నీ చూసుకుంది, అయినా కదల్లేదు.

"ఇగ పోండ్రి, అందరొచ్చిండ్రు కదా," అన్నాడు అంద్రెయ.

"నువ్వు రాలె కదనే," అన్నాడు మొగిలి.

అతని డ్యూటీ దిగేదాకా అందరూ బొగ్గు మొహాలతోనే అరుగు మీద కూర్చున్నారు. తర్వాత బి.ఏ.ను మధ్యలో నడిపించుకుంటూ యేసమ్మ ముందుకు తీసుకుపోయారు.