ఘనాకు వెళ్లిన బట్ట

హైమవతి పనిచేసే నోయిడా కంపెనీ ఇక్కడి తయారీదారులనూ విదేశీ వ్యాపారులనూ ఆన్‌లైన్‌లో కలుపుతుంది. పొద్దున వియత్నాం, మధ్యాహ్నం కెన్యా, సాయంత్రం పోలండ్. దేశం మారినప్పుడల్లా ఆమె గొంతు సవరించుకుని, చున్నీ కొసతో కళ్లద్దాలు తుడుచుకుంటుంది. ఎంత సరుకు అమ్మించినా, తెర మీద తప్ప దేన్నీ చూసి ఎరగదు. అందులో వింత ఆమెకెప్పుడూ తట్టలేదు.

ఒకరోజు ఘనా నుంచి అబెనా అనే వ్యాపారి ఆసుపత్రులకు బెడ్‌షీట్లు కావాలని వీడియోలో మాట్లాడింది. అంతా కుదిరాక, “ఆ బట్ట మీరు ముట్టుకుని చూశారా?” అని అడిగింది. పక్కనున్న మేనేజర్ కిరణ్‌కుమార్ అవునని చెప్పమన్నట్టు తల ఊపాడు. హైమవతి మాత్రం, “లేదు. చూసి చెప్తాను” అంది.

“ఏందమ్మా, అవునంటే అయిపోతుండె గదా!” అని వీడియో కాల్ ముగిశాక కిరణ్‌కుమార్ విసుక్కున్నాడు.

“రోగుల కింద పరిచేదండీ. ఎలా అంటాను?”

ఆ బట్ట నమూనా తెప్పించి, ఆర్.కె. పురంలోని తన ఇంట్లో వేడినీళ్లలో ఉతికింది. రెండో ఉతుక్కే బట్ట పిగిలింది. అదే అబెనాకు చెప్పింది. ఆర్డర్ పోయింది. కిరణ్‌కుమార్ ఆమెతో మాట్లాడటం మానేశాడు. కొన్నాళ్లకు అబెనాయే ఫోన్ చేసి, “అయితే ఉతుకులకు ఆగే బట్ట మీరే వెతకండి” అంది.

ఆదివారం హైమవతి బస్సెక్కి పానిపట్‌లోని ఒక మిల్లుకు వెళ్లింది.

“కొనేది మీరేనా దీదీ?” అని యజమాని హిందీలో అడిగాడు.

“కాదు భయ్యా, ఘనాలో ఒకావిడ.”

అతను నవ్వి బట్ట ముందు పరిచాడు. ఆమె గాజులు పైకి నెట్టుకుని రెండు అరచేతులూ దాని మీద ఆనించింది. తర్వాత ఎన్నిసార్లు ఉతికినా చెక్కుచెదరక ఘనాకు వెళ్లింది ఆ బట్టే. అప్పటికి మాత్రం, యంత్రం మీంచి దిగిన బట్ట ఇంకా వెచ్చగా ఉందన్నది ఒక్కటే ఆమెకు తెలిసింది.