రెండు వేళ్ళ సందు

ఏలూరు పవర్‌పేటలో వంట హనుమంతరావు ఇల్లెక్కడంటే ఎవరైనా చూపిస్తారు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన చేతి పులిహోర లేని పెళ్ళిళ్ళు ఆ పేటలో తక్కువ. కొల్లేటి లంకల్లో పెళ్ళయితే గుండిగలూ గరిటెలూ పడవలో వేసుకుని వెళ్ళేవాడు. నాలుగు దిక్కులా నీళ్ళే కనిపించినా బెదిరేవాడు కాదు. గాలి వాలు చూసి, పొయ్యి ఎటు ముఖంగా తవ్వాలో చెప్పేవాడు. నిప్పూ గాలీ తనకు తెలుసుననే ధీమాతోనే ఐస్‌లాండ్ కూడా వెళ్ళాడు.

కిందటి అక్టోబరులో తణుకు యాత్రల కంపెనీ ఒకటి పద్నాలుగు మందిని ఆ దేశం తీసుకెళ్ళింది. అందరూ రిటైరైనవాళ్ళే. మన భోజనం ఉంటేనే కదులుతామన్నారు. కంపెనీ తరఫున వెంట వెళ్ళే గౌతమి అనే అమ్మాయి హనుమంతరావునీ, ఆయన భార్య సీతాలక్ష్మినీ వంటకు కుదుర్చుకుంది. సీతాలక్ష్మికి మనసు లేదు. కూతురు శ్రీవిద్యకు అప్పుడు ఆరో నెల. పదకొండు రోజుల్లో వచ్చేస్తాం, పురిటికి ఇంకా మూడు నెలలుంది కదా అని హనుమంతరావే ఒప్పించాడు. ఆమె పాత నూలు చీరలు రెండు మడత పెట్టి, సూదీ దారం సంచిలో వేసుకుంది. పుట్టబోయే బిడ్డకు బొంత కుట్టడానికి.

యాత్రికులు బస్సులో, వీళ్ళిద్దరూ సామాన్లతో వెనక వ్యానులో. వ్యాను నడిపేవాడు యోన్ అని ఆ దేశపువాడు, పెద్దగా మాట్లాడడు. మొదటి రోజు సీతాలక్ష్మి కిటికీలోంచి చూసి చూసి, ఇక్కడ చెట్లేవండీ అని అడిగింది. నిజంగానే లేవు. నల్లటి రాళ్ళు, వాటి మీద దళసరిగా పచ్చని నాచు, ఎక్కడో నాలుగు గొర్రెలు. గంట ప్రయాణం చేస్తే ఎర్ర రేకుల ఇల్లొకటి కనిపించేది, మనిషి కనిపించేవాడు కాదు. ఒకచోట నేలలోంచి ఆవిరి లేస్తుంటే, గంజి వార్చినట్టుందని ఆమె నవ్వింది. పొద్దున్న ఎండ, అరగంటకు వడగళ్ళు, ఆ వెనక పైట ఎగరగొట్టేసే గాలి.

"ఏవండీ, ఇక్కడ ఎవరైనా పోతే మొయ్యడానికి నలుగురెక్కడ దొరుకుతారండీ?" అంది సీతాలక్ష్మి ఆ సాయంత్రం.

"నీ బరువుకి ఇద్దరు చాల్లే," అన్నాడు హనుమంతరావు.

ఆరో రోజు మధ్యాహ్నం కొండదారిలో మంచు మొదలైంది. దూది ఏకినట్టు మెల్లగా కాదు, అడ్డంగా, ఇసుక విసిరినట్టు. పావుగంటలో రోడ్డేదో పక్కనున్న గొయ్యేదో తెలియలేదు. ముందు వెళ్తున్న బస్సు జారి ఓ పక్కకు ఒరిగిందని యోన్‌కు ఫోనొచ్చింది. వ్యాను ఆపి ఇంజను కట్టేశాడు. వెనక గొట్టం మంచుతో పూడిపోతే పొగ లోపలికి వస్తుందని చేతులతో చూపించాడు. దిగవద్దన్నాడు. తన పక్క అద్దం కాస్త కిందికి దించి, ఆ సందులో రెండు వేళ్ళు పెట్టి చూపించి, ఇంత తెరిచే ఉండాలని రెండుసార్లు చెప్పాడు. హనుమంతరావు అలాగేనని తలూపాడు. యోన్ నడుముకు తాడు కట్టుకుని బస్సు వైపు వెళ్ళాడు.

ఆ సందులోంచి మంచు పొడి వచ్చి సీతాలక్ష్మి మెడ మీద పడుతోంది. రెండు స్వెట్టర్లు వేసుకున్నా ఆమె పళ్ళు టకటకలాడుతున్నాయి. అయినా బొంత కుడుతూనే ఉంది. వేళ్ళు కొంకర్లు పోయి సూది జారిపోతుంటే వెతుక్కుంటోంది. ఈ చలిలో కిటికీ తెరిచి ఉంచమన్నాడంటే వీడికి మతి లేదనుకున్నాడు హనుమంతరావు. శ్రీవిద్య పుట్టినప్పుడు పుష్యమాసం. పురిటి గదికి తలుపులు బిగించి, మంచం పక్కన కుంపటి పెట్టారు. తల్లీబిడ్డా వెచ్చగా పడుకున్నారు. ఆయనకు అదే గుర్తొచ్చింది. అద్దం పైకెత్తేశాడు. చిన్న గ్యాసు పొయ్యి వెలిగించి, మంట మీద ఇనప పెనం బోర్లించి, ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఇప్పుడు హాయిగా ఉందండీ," అంది సీతాలక్ష్మి కాసేపటికి. కుడుతున్న బొంతే కప్పుకుని, సామాన్ల మూటకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

గంట గడిచిందేమో, హనుమంతరావుకు తల పగిలిపోతోంది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు కదా, అందుకే అనుకున్నాడు. వాంతి వచ్చేట్టుంటే దిగాడు. ఆమెకు చలి తగలకూడదని, దిగీ దిగగానే తలుపు గట్టిగా మూశాడు. రెండడుగులు వేసి చక్రం పక్కన కూలబడ్డాడు. యోన్ వచ్చి భుజం పట్టుకుని కుదిపేసరికి ఎంతసేపైందో తెలియదు. యోన్ ఆయన్ని వదిలి తలుపు లాగాడు. లోపల పొయ్యి ఇంకా వెలుగుతూనే ఉంది. సీతాలక్ష్మి లేవలేదు.

మొయ్యడానికి ఇద్దరే ఉన్నారు, యోన్, అతనితో బస్సు దగ్గర్నుంచి వచ్చిన గౌతమి. హనుమంతరావుకు కాళ్ళు నిలవలేదు.

పొయ్యి పొగలోని విషవాయువు వల్లనే అని అక్కడి డాక్టరు రాసిచ్చాడు. గౌతమి ఆ కాగితాన్ని తెలుగులో చదివి చెప్పింది. హనుమంతరావు ఆమె చేతులు పట్టుకుని ఏడిస్తే, ఊళ్ళో చలి వల్లనే అని చెబుదాం లెండి బాబాయిగారూ అంది. బస్సులోవాళ్ళు కూడా ఎవరూ నోరు విప్పలేదు. కొవ్వూరు రేవులో అస్థికలు కలిపిన రోజున శ్రీవిద్య ఒక్కటే మాట అడిగింది, అమ్మ బాధపడిందా అని. లేదమ్మా, చలికి అలా నిద్రపోయిందని చెప్పాడు. నిద్రపోవడం వరకూ నిజమే. కాగితం ట్రంకుపెట్టె అడుక్కి చేరింది. ఆయన మళ్ళీ పొయ్యి ముట్టించలేదు. పెళ్ళివారు వస్తే ఒంట్లో బాగాలేదని పంపేసేవాడు.

జనవరిలో శ్రీవిద్య పుట్టింటికే పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. తల్లి లేదు గనుక హనుమంతరావు అక్కగారు లక్ష్మీకాంతం కలిదిండి నుంచి వచ్చి అన్నీ తనే చూసుకుంటోంది. నాలుగో నాడు తెల్లవారాక కూడా వీధి చివర మంచు విడవలేదు. బిడ్డకు నీళ్ళు పోయించి, సాంబ్రాణి వేసి, లక్ష్మీకాంతం బొగ్గుల కుంపటి గదిలోనే ఉంచి కిటికీలు బిగించింది. బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

వసారాలో కూర్చున్న హనుమంతరావు ముక్కుకు బొగ్గు వాసన తగిలింది.

మగవాళ్ళు పురిటి గది గడప దాటని ఇల్లది. ఆయన దాటాడు. కుంపటి వట్టి చేతులతో ఎత్తి, పెరట్లోకి విసిరేశాడు. తిరిగొచ్చి కిటికీ రెక్క లాగాడు.

"ఒరే హనుమంతూ, మతి పోయిందిట్రా? పసిగుడ్డుకి గాలి కొడుతుంది, ముయ్యి," అంది అక్కగారు.

"మీ మరదల్ని చలి చంపలేదక్కయ్యా. నేను చంపాను," అన్నాడు.

మంచం మీంచి శ్రీవిద్య తలెత్తింది. ఆయన కిటికీ ఊచలు పట్టుకుని, బయటికే చూస్తూ, యోన్ పెట్టిన రెండు వేళ్ళ దగ్గర్నుంచి తను మూసిన తలుపు దాకా చెప్పాడు. కాలిన అరచేతులు బొబ్బలెక్కుతున్నాయి.

"తెరిచి ఉంచమని రెండుసార్లు చెప్పాడా?" అంది శ్రీవిద్య.

"రెండుసార్లు చెప్పాడమ్మా."

ఆమె బిడ్డను దగ్గరకు లాక్కుని గోడ వైపు తిరిగింది. వీపు మీద అమ్మ కుట్టిన బొంత, ఒక అంచు కుట్టకుండానే ఉంది. ఇక వెళ్ళాలని హనుమంతరావు గడప దాకా వచ్చాడు.

"నాన్నగారూ," అంది శ్రీవిద్య, తిరగకుండానే. "మీరు ఇక్కడుండకండి. ఆ కిటికీ మాత్రం అలాగే ఉంచి వెళ్ళండి."