పెద్దమ్మ జడుసుకోలేదు

పెద్దమ్మ పోయిందని ఫోన్‌లో విన్నప్పుడు నేను ఏడవలేదు. "చదువుకున్నది గదా, గుండె బండయింది" అన్నారు ఇంట్లో. నాకు వచ్చింది కోపం. ఆ తేడా వాళ్లకు ఇప్పటికీ తెలియదు.

అచ్చంపేట దగ్గర మా ఊరి బడిలో పిల్లలకు ఏళ్ల తరబడి వండిపెట్టింది పెద్దమ్మే. కట్టెల పొయ్యి, రేకుల షెడ్డు, పొగ బయటికి పోయే దారి లేదు. ఒకసారి కట్టెల్లోంచి పాము వస్తే, పొయ్యిగొట్టంతో పక్కకు నెట్టి, "దీనికి గూడ ఆకలైనట్టుంది" అంటూ మళ్లీ పప్పు కలుపుకున్న మనిషి. అడుగంటిన అన్నం చెక్కలు నాకోసం దాచేది.

నేను డిగ్రీ పాఠాలు చదువుతుంటే పక్కన చేరేది. "గుండెకు ఉరుకుమని ఎవలు చెప్తరే?" అంది ఒకనాడు. అడ్రినలిన్ ఉరకమంటుందనీ, ఎసిటైల్‌కోలిన్ నెమ్మదించమంటుందనీ చెప్పాను.

"గట్లనా! ఉరుకుమనేది మా అత్త, ఆగుమనేది మీ పెద్దనాయిన!" నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపటికి గానీ తేరుకోలేదు.

పోయిన వారం ఆమెకు దడ మొదలైంది. పొగబారిన ఊపిరితిత్తులకు గాలి చాలక, ఒంట్లో అడ్రినలిన్ పొంగి గుండె ఉరికింది. ఇంట్లో వాళ్లు అది జడుపన్నారు. తాయత్తు కట్టించారు. మర్నాడు నేను పట్నం నుంచి ఫోన్ చేస్తే మా నాన్న గొంతులో సంబరం.

"దడ తగ్గింది బిడ్డా. గుండె నిమ్మళంగ కొట్టుకుంటాంది."

"పెదవులెట్లున్నయి బాపూ?"

"నేరేడు పండ్లు తిన్నట్టున్నయి."

"గది నిమ్మళం కాదు! గాలి మరీ తక్కువైతే గుండె ఉరకలేక ఆగిపోతది. జల్ది దవాఖానకు తీస్కపోండ్రి."

"ఇప్పుడే కన్ను మూతపడ్డది. లేపితే మళ్ల జడుసుకుంటది. నువ్వు ఫికర్ చెయ్యకు."

లేపలేదు. ఆమె లేవలేదు.

ఇప్పుడు పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లకూ "జడుసుకొని పోయింది" అంటున్నారు. అంత ధైర్యం గల మనిషిని చచ్చాక పిరికిదాన్ని చేశారు. "దినాల నాడు నోరు తెరువకు, మీ పెద్దనాయిన తట్టుకోడు" అని అమ్మ ముందే కట్టడి చేసింది.

ఆమెకు ఊపిరి అందని ఆ పూట, వాకిట్లో ఆటో ఉంది. నిద్ర చెడుతుందని అరుగు మీది పిల్లల్ని కసిరి, తలుపు దగ్గరగా వేసి, అందరూ మునివేళ్ల మీద నడిచారట.

దినాల నాడు చుట్టాలందరి ముందూ ఈ మాటే చెబుతాను.