ఎర్ర చీటీ కట్టిన చెయ్యి

మా కింది ఇంటి మామ పోయి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. ఆయన పోయిన ఉదయం వాళ్ళావిడ, నేను అత్తా అని పిలిచే మనిషి, మూడుసార్లు ఫోన్ చేసింది. ఫోన్ మోగితే చాలు గుండె జారిపోయే మనిషిని నేను. ఆ రోజు మాత్రం బెళ్ళందూరు ఆఫీసులో మీటింగులో ఉండి, నీళ్ళ ట్యాంకరు రాలేదని చెప్పడానికేలే అనుకొని రెండుసార్లు కట్ చేశాను. మూడోసారి ఎత్తాను. “స్నానం చేసొచ్చి కుర్చీలో కూర్చున్నాడప్పా. కాఫీ ఇద్దామని లేపితే లేయలేదు” అంది అత్త. ఇల్లున్న కాడుగోడి చేరేదాకా ఆటోలో ఆ రెండు కాల్స్ గురించే ఆలోచిస్తూ వచ్చాను. ఎత్తి ఉన్నా ఏమీ మారేది కాదని డాక్టరు చెప్పాడు. నాకింకా నమ్మకం కుదరలేదు.

ఆయన మా ఇంటి ఓనరు. నాది హిందూపురం, ఏడేళ్ళుగా వాళ్ళ పై వాటాలో అద్దెకున్నాను. మొదట్లో సార్ అని పిలిస్తే, సారు గీరు వద్దు, మామా అనమన్నాడు. తాతల నాటి నుంచి బెంగళూరు తెలుగువాళ్ళు. ఇంట్లో మాట తెలుగు, చదివింది కన్నడం. అందుకని తెలుగు మాటల్నే కన్నడ అక్షరాల్లో రాసుకునేవాడు. విమానాల ఫ్యాక్టరీలో ముప్పై ఆరేళ్ళు ఫిట్టరు. ఓడ మీంచి లేచే యుద్ధ విమానాలకు ముందు చక్రం కాలు బిగించడం ఆయన పని. ఓడను మాత్రం ఎన్నడూ చూడలేదు.

ఒక ఆదివారం పొద్దున కొళాయి కారుతోందని చూడటానికి పైకొచ్చి, నేను కంప్యూటరులో విమానం నడుపుతుంటే నిలబడిపోయాడు. ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేర్లో తప్పులు వెతకడం. ఇంట్లో కాస్త ఊపిరి పీల్చుకోవడానికి ఈ యుద్ధ విమానాల సిమ్యులేటరు పెట్టుకున్నాను. తెర, జాయ్‌స్టిక్కు, ఇంజను వేగం పెంచే పిడి, అంతే సరంజామా. “దీంట్లో ఓడ ఉండాదా?” అని అడిగాడు. ఉంది, అమెరికా ఓడ. దాని మీంచి లేవడం నేర్పే పాఠం కూడా ఉంది. ఓడ మీద పరుగు తీయడానికి చోటుండదు కాబట్టి, ఒక యంత్రం ముందు చక్రం కాలిని పట్టుకొని రెండు మూడు క్షణాల్లో విమానాన్ని గాల్లోకి విసిరేస్తుంది. మామ తెర దగ్గరకు వంగి ఆ కాలినే చాలాసేపు చూశాడు. “ఒగ తూరి నా చేత్తో లేపి చూడల్లప్పా. చెయ్యి పనికొస్తాండంగానే” అన్నాడు. అప్పుడు గమనించాను, ఆయన కుడిచెయ్యి సన్నగా వణుకుతోంది. అది తగ్గేది కాదనీ, ఏడాది తిరిగేసరికి లోటా పట్టుకోవడం కూడా కష్టం కావచ్చనీ డాక్టరు చెప్పాడట.

ఆ రోజు నుంచి నాకు కొత్త బెంగ పట్టుకుంది.

ప్రతి ఆదివారం ఇడ్లీలయ్యాక వచ్చేవాడు. చేతులు కడుక్కుంటే తప్ప స్టిక్కు ముట్టేవాడు కాదు. పాఠంలో చెప్పే గొంతుది మరీ వేగమైన ఇంగ్లీషు. మామ తికమకపడతాడని దాన్ని మూసేసి, పాఠం చదివి నేనే తెలుగులో పది మెట్ల జాబితా చేశాను. చివర్లో ఓడ మీది మనిషికి సెల్యూట్ కొట్టాలి. మీట నేను నొక్కితే ఆయన నిజంగానే చెయ్యెత్తేవాడు. వెంటనే స్టిక్కు పట్టుకునేవాడు. యంత్రం విసిరేది. విమానం ముక్కు పైకీ కిందికీ ఊగి సముద్రంలో పడేది.

ఉత్త బొమ్మే అయినా పడ్డప్పుడల్లా నేను కుర్చీలోంచి లేచిపోయేవాణ్ణి. గాబరాలో రెక్కల అమరిక, బరువు, ఇంధనం అన్నీ ఒకేసారి మార్చేసేవాణ్ణి. మామ నా మణికట్టు పట్టుకొని ఆపేవాడు. “ఒగ తూరికి ఒగటే తిప్పల్ల. రెండు తిప్పితే ఏది బాగు చేసిందో ఎట్ల తెలుస్తాదప్పా?” అనేవాడు. ఏం మార్చామో, ఏం జరిగిందో నోటుబుక్కులో పెన్సిలుతో రాసేవాడు. మధ్యాహ్నం అన్నానికి పిలుస్తూ అత్త మెట్ల కింది నుంచి, ఇవాళ ఎన్ని మునకలయ్యాయని అడిగేది. కార్తీక స్నానాలకైనా ఇన్ని మునకలుండవని ఎత్తిపొడిచేది.

తప్పెక్కడుందో నాకు రెండో వారానికే తెలుసు. ఆ వణుకే స్టిక్కులోకి దిగుతోంది. కానీ ఆ మాట ఎలా అనేది? జాయ్‌స్టిక్కు పాతదైందని అబద్ధం చెప్పి కొత్తది తెచ్చాను. అప్పటికీ కుదరక, ఆయన రాకముందే ఒక సెట్టింగు మార్చి పెట్టాను. చిన్న కదలికలను విమానం పట్టించుకోకుండా చేసే సెట్టింగు అది. వణుకు కనపడలేదు నిజమే. కానీ స్టిక్కు కొంచెం లాగితే విమానం కదలదు, ఇంకొంచెం లాగితే ఎగిరిపడుతుంది. మళ్ళీ మునకే. ఎక్కడ కనిపెట్టేస్తాడోనని ఆదివారం వస్తోందంటే నాకు శనివారం నుంచే తిండి సయించేది కాదు.

కనిపెట్టేశాడు. నోటుబుక్కులో రెండు వారాలూ ఏం మార్చామన్నది ఒకటే, విమానం పడ్డ తీరు మాత్రం వేరు. వేలు పెట్టి చూపించాడు. “వస్తువు అబద్ధం చెప్పదప్పా. ఏం తిప్పినావు?” అన్నాడు. చెప్పేశాను. మీ మనసు కష్టపెట్టలేక చేశానన్నాను. ఆయన బుక్కు మూసి దిగి వెళ్ళిపోయాడు. వారమంతా ఆయన గేటు దగ్గరుంటే నేను మెట్ల మీదే ఆగిపోయేవాణ్ణి. ఇల్లు ఖాళీ చేయమంటాడేమోనని కూడా భయపడ్డాను. నా భయాలకు హద్దుండదు.

ఆదివారం ఆయనే వచ్చాడు. కుడి మణికట్టుకు ఎర్ర గుడ్డపేలిక కట్టుకొని ఉన్నాడు, అత్త పాత చీర అంచు. “మా ఫ్యాక్టరీలో చెడినదానికి ఎర్ర చీటీ కట్టల్ల. చెడిపోవడం తప్పు కాదు. కట్టకుండా ముందుకు పంపేది తప్పు. ఆ విమానంలో కూర్చునే పిల్లోడు ఎవురి బిడ్డో” అన్నాడు. తర్వాత చెయ్యి చాపి, “చెయ్యి చెడిండాది. రాసుకో. ఇప్పుడు మొదటినుంచి చూద్దాం” అన్నాడు.

సిగ్గుతో నా తల లేవలేదు. సెట్టింగు వెనక్కి మార్చాను. మూసిన గొంతును కూడా తెరవమన్నాడు. పది మెట్లూ విన్నాం. తొమ్మిదో మెట్టయ్యాక ఆ గొంతు నా జాబితాలో లేని మాట ఒకటి చెప్పింది. విసిరే సమయంలో పైలట్ స్టిక్కు వదిలేయాలి, చెయ్యి తల దగ్గర పట్టు కోసం ఉన్న పిడి మీద ఉండాలి, విమానం దానంతటదే లేస్తుంది. ఆ మాట నేను మొదటిరోజే చదివాను. చదివి, అంత ప్రమాదంలో చెయ్యి వదిలేయమనడమేమిటని నమ్మలేక జాబితాలోంచి తీసేశాను. మామ నావైపు చూసి పకపకా నవ్వాడు. “భయస్థుడి చేతికి జాబితా ఇస్తే ఇంతేనప్పా” అన్నాడు.

మళ్ళీ మొదలుపెట్టాం. ఇంజను పూర్తి వేగం. సెల్యూట్. ఎత్తిన చెయ్యి ఈసారి స్టిక్కు మీదికి దిగలేదు, తల పక్కన గాల్లోనే ఉండిపోయింది, ఎర్ర పేలికతో, వణుకుతూ. విమానం ఓడ అంచు దాటి కొంచెం కిందికి జారింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నీళ్ళ మీంచి పైకి పోతోంది. మామ చెయ్యి దించి తెర దగ్గరకు వంగాడు. “మేము కాలు సరిగ్గా బిగించింటే చాలు. విమానం చెయ్యి అడగదు” అన్నాడు. ఆయన కళ్ళు తడిశాయి. నావీ తడిశాయి. వెళ్ళేముందు పేలిక విప్పి, వచ్చే వారానికి ఉండనీ అంటూ స్టిక్కు మెడకు కట్టాడు. ఆ వచ్చే వారాలు మాకు నాలుగే దొరికాయి.

మొన్న, కర్మలన్నీ అయ్యాక, అత్త మెట్లెక్కి వచ్చింది. ఆదివారాలు మీరిద్దరూ ఏం చేసేవాళ్ళో కాస్త చూపించమంది. ఆయన కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన నోటుబుక్కు తెరిచి, కన్నడ అక్షరాలను కూడబలుక్కుంటూ మెట్లు ఒక్కొక్కటే చదివి చేశాను. మొదటిసారి లేచిన రోజు రాతలో ‘మార్చింది’ అన్నచోట ‘చెయ్యి తీసినాము’ అని, ‘జరిగింది’ అన్నచోట ‘లేసింది’ అని ఉంది. సెల్యూట్ మీట నొక్కి, మామ ఇక్కడ చెయ్యెత్తేవాడని చెప్పాను. అత్త తెరకు నమస్కారం పెట్టింది. విమానం ఓడ దాటి లేచింది.

విమానాన్ని తిన్నగా చేసి ఓడ వైపు వెనక్కి తిప్పుదామని నా చెయ్యి దానంతటదే స్టిక్కు మీదికి పోయింది.

“దించొద్దప్పా” అంది అత్త, జోడించిన చేతులు విప్పకుండానే. “పోనీ.”

చెయ్యి తీసేశాను. విమానం సముద్రం మీద అలా పోతూనే ఉంది. ఎవరూ పట్టుకోని స్టిక్కు మెడకు ఎర్ర పేలిక ఫ్యాను గాలికి మెల్లగా ఊగుతోంది.