మెట్లెక్కడమే అంగీకారం

సిగ్గరి మనిషికి అండగా నిలిచే శాస్త్రం ఈ లోకంలో ఒక్కటీ లేదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. మెట్రో ఇంకా మా వైపు రాలేదు. దేశ రాజధానిలో, సరోజినీ నగర్‌లో నాన్నకిచ్చిన ప్రభుత్వ క్వార్టర్లో ఉండేవాళ్లం. నేను లా కాలేజీలో మొదటి సంవత్సరం. బస్సులో నా స్టాపు వస్తే "భయ్యా, రోక్‌నా" అని ఆపమనే రెండు మాటలు గొంతు దాటక, ఎవరో ధైర్యవంతులు దిగేచోట దిగి వెనక్కి నడుచుకుంటూ వచ్చేదాన్ని. అనవలసినవన్నీ ఇంటికొచ్చి డైరీలో అనేదాన్ని. డైరీలో నేను పెద్ద గయ్యాళిని. (కండక్టర్లతో, క్యాంటీనువాడితో, మా ప్రొఫెసరుతో పెట్టుకున్న తగాదాలన్నీ అందులో నేనే గెలిచాను.) ఇలాంటిదానివి లా ఎందుకు చేరావని అడక్కండి. పుస్తకాలు లావుగా ఉంటాయని చేరాను.

మా పై అంతస్తులో రాజమండ్రి ఆంటీ ఉండేవారు. ఆవిడ దగ్గరొక ఇనప ట్రంకుపెట్టె ఉండేది. అందులో, ఇరవై ఏళ్లుగా వారపత్రికల్లోంచి సీరియళ్లు చింపి, వారం తర్వాత వారం వరస కలిపి కుట్టించిన బైండు పుస్తకాలు. కథానాయిక కళ్లు తుడుచుకునే పేజీ తిప్పితే వెనక సగం వంకాయ పచ్చడి, సగం వారఫలాలు. ఆంటీ ఒక పుస్తకం ఇచ్చి, అది తిరిగొస్తేనే రెండోది ఇచ్చేవారు. ఒక వేసవి సాయంత్రం మేడ మీద వడియాలు ఎత్తుతూ, ఆంటీ మా అమ్మ ఎదుటే అన్నారు: "ఒసే, మా చిట్టికి వాళ్ల అమ్మమ్మకి తెలుగులో ఉత్తరం రాయడం వచ్చేలా చేశావంటే, ఆ పెట్టెడు పుస్తకాలూ నీకే ఇచ్చేస్తానే!" చిట్టి వాళ్లమ్మాయి, ఎనిమిదో తరగతి. తెలుగులో ఏమడిగినా హిందీలో జవాబు చెప్పేది. నేను సరేననలేదు. తలైనా ఊపలేదు. మర్నాడు సాయంత్రం మాత్రం కొత్త నోటుపుస్తకం ఒకటి పట్టుకుని మెట్లెక్కాను.

మూడు నెలలు ఎక్కాను. "దీదీ, ఛోడో నా, నానీ ఫోన్ పే హీ ఠీక్ హై" అని, వదిలెయ్యక్కా, అమ్మమ్మతో ఫోనే చాలని, చిట్టి ఎన్ని విధాల బతిమాలినా వదల్లేదు. చివరికి, "నువ్వు తెలుగులో ఏం రాసుకున్నా మీ క్లాసులో ఒక్కరికీ అర్థం కాదు" అన్న మాట మంత్రంలా పనిచేసింది. ఒక రోజు తనంతట తానే అమ్మమ్మకి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. నేను అక్షరదోషాలు దిద్దాను గానీ విషయంలో వేలు పెట్టలేదు. పదిరోజులకి జవాబు ఆంటీ పేర వచ్చింది. "పిల్లకి రోజూ దొండకాయేనా? టీవీ చూస్తూ జడ వేస్తే పాపిడి వంకరపోదూ? అది నాలుగు పేజీలు రాసింది. నువ్వు నాలుగేళ్లై నాలుగు ముక్కలు రాశావా?"

ఆ రోజు నుంచి ఆంటీ నాతో మాట్లాడలేదు. అంతలో అంకుల్‌కి నాగపూర్ బదిలీ అయింది. ట్రంకుపెట్టె ఇందిరాపురంలో ఉన్న ఆంటీ చెల్లెలికి వెళుతోందని అమ్మ వార్త తెచ్చింది. "పోనీలేవే, అడిగితే ఏం బాగుంటుంది" అని తనే తీర్పు కూడా ఇచ్చేసింది. నేనూ డైరీ తీయబోయేదాన్నే. కానీ సరిగ్గా ఆ వారమే క్లాసులో ఒప్పందాల చట్టం మొదలైంది. ప్రతిపాదన ఉండాలి, అంగీకారం ఉండాలి, ప్రతిఫలం ఉండాలి అని చెబుతూ, ప్రొఫెసరు ఒక మాటన్నారు. "ఈ పని చేస్తే ఇది ఇస్తాను" అని ఎవరైనా అంటే, నోటితో ఒప్పుకోనక్కర్లేదు, ఆ పని చేయడమే అంగీకారం. నేను బెంచీలో నిటారుగా కూర్చున్నాను. నోరు విప్పని మనిషిని కూడా మనిషిగా లెక్కవేసిన శాస్త్రం ఒకటుందన్నమాట! ఆ సాయంత్రం డైరీ తెరవలేదు. మెట్లెక్కాను.

ఇల్లంతా అట్టపెట్టెలు. ఆఫీసులో టెండర్ల ఫైళ్లతోనే తల నెరిసిన అంకుల్, ట్రంకుకి తాడు బిగిస్తున్నారు.

"ఆంటీ, ఆ పుస్తకాలు నావి" అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

"నీవేవిటే? ఉత్తరం అంటే క్షేమసమాచారాలు. నా మీద చాడీలు నేర్పమన్నానా?"

"ఉత్తరం రాయడం వస్తే చాలన్నారు. ఏం రాయాలో మీరు షరతు పెట్టలేదు."

అంకుల్ తాడు వదిలేశారు. "అచ్ఛా! పాయింటే. కానీ నువ్వు సరేనన్నావా? నువ్వెప్పుడూ ఏమీ అనవు కదమ్మా."

"మర్నాడు మెట్లెక్కాను అంకుల్. అదే అంగీకారం."

"మూడు నెలల పాఠాలకి పెట్టెడు పుస్తకాలా? సరితూగొద్దూ?"

"అక్కర్లేదు. ప్రతిఫలం ఉందా లేదా అనే చట్టం చూస్తుంది, ఎంత అని కాదు. మిరియపు గింజైనా చాలని ఇంగ్లీషు జడ్జీలు చెప్పారు."

"మిరియాలెందుకే ఇప్పుడు? అవి కట్టేశాను" అని విసుక్కున్నారు ఆంటీ. "చట్టాలు మీ కాలేజీలో చెప్పుకో. పెట్టె నాది. ఇవ్వను."

నేర్చుకున్న చట్టం అక్కడితో అయిపోయింది. కానీ మెట్లు దిగితే ఇక జన్మలో ఎవరినీ ఏదీ అడగలేనని మాత్రం తెలిసింది. వెళ్లి ట్రంకుపెట్టె మీద కూర్చున్నాను. (ఇది ఏ సెక్షన్లోనూ లేదు.) "అయితే నేనూ లేవను" అన్నాను.

అప్పుడు లోపలి గదిలోంచి చిట్టి వచ్చి, పుట్టాక మొదటిసారి ఒక్క హిందీ ముక్క లేకుండా మాట్లాడింది. "ఇచ్చెయ్యమ్మా. మాటిచ్చావుగా. ఇవ్వకపోతే ఇదంతా కూడా అమ్మమ్మకి రాసేస్తా."

ముందు అంకుల్ నవ్వారు. ఆంటీ నన్నూ కూతుర్నీ మార్చి మార్చి చూశారు. "ఇంత తెలుగు ఎప్పుడొచ్చిందే నీకు?"

"అక్కే నేర్పింది."

ఆంటీ మొహం ఎలా మారిందో డైరీలో నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ కొట్టేశాను. "తీసుకుపో" అన్నారు. "మూడో పుస్తకంలో పదకొండో వారం ఎవరో కాజేశారు. అందులో ఏమైందో తెలియకపోతే తర్వాతది బోధపడదు. ఉండు, చెబుతాను." అట్టపెట్టెల మధ్య కూర్చుని గంటసేపు చెప్పారు, ఏడ్చేచోట ఏడుస్తూ.

పుస్తకాలు నా మంచం కిందికి చేరిన నెలకి ప్రొఫెసరు తర్వాతి అధ్యాయం తెరిచారు. ఇంట్లోనూ ఇరుగుపొరుగుల్లోనూ అనుకునే మాటలు మామూలుగా ఒప్పందాలు కావట. కోర్టుకెక్కే ఉద్దేశం రెండు పక్షాలకీ ఉండాలట. మొగుడు పెళ్లానికిచ్చిన మాటనే ఇంగ్లీషు జడ్జీలు కొట్టేశారట. అంటే నా కేసే నిలవదన్నమాట. తర్వాత ఇంకో సంగతి తట్టింది. ఇది అంకుల్‌కి తెలియకుండా ఉంటుందా? జీవితమంతా ఒప్పందాలు చదివిన మనిషి, ఆ ఒక్క ప్రశ్నా అడగలేదు.

ఇప్పుడు నోయిడాలో ఒక కంపెనీకి అగ్రిమెంట్లు రాస్తున్నాను. పేజీపేజీకీ సంతకం లేనిదే ఏ మాటనీ నమ్మను. అయినా ఆ పుస్తకాలు అన్యాయంగా వచ్చాయని ఎవరన్నా ఒప్పుకోను. ఒక్కోసారి అనిపిస్తుంది, సగం అధ్యాయమే చదివిన ఆ పిల్ల మెట్ల మీద ఎదురై, "నా కేసు నిలుస్తుందా?" అని అడిగితే, నేను లాయరుగా నిజం చెప్పాలి కదా అని.

చెప్పను. పక్కకి తప్పుకుని దారిస్తాను.