దిండు గలీబు మీద ఎర్ర ముడి

కెనడాలోని విన్నిపెగ్ ఆసుపత్రుల దుప్పట్లన్నీ ఉతికే ఆ లాండ్రీలో రెమెడియోస్ అంటే ఎవరో చాలామందికి తెలియదు. అందరికీ ఆమె ‘ఆతె’. ఫిలిప్పీన్స్ వాళ్ళ మాటలో అక్క అని. ఆ దేశం వాళ్ళే కాదు, ఎరిత్రియా వాళ్ళు, ఉక్రెయిన్ వాళ్ళు, పంజాబీలు, చివరికి తాతల కాలం నుంచి ఆ నేల మీదే ఉన్న క్రీ జాతి డార్లీన్ కూడా అలాగే పిలిచేది. నిజానికి డార్లీనే రెండేళ్ళు పెద్ద. “పిలుపుకు వయసేమిటే! కేకేస్తే పలుకుతావా లేదా, అదీ లెక్క” అనేది.

ఆతె ఆ షెడ్డులోకి వచ్చి ఇరవై రెండేళ్ళు. మొదట మాసిన సంచులు విప్పే గదిలో, తర్వాత ఇస్త్రీ యంత్రాల దగ్గర పనిచేసింది. తొమ్మిదేళ్ళుగా సాయంత్రం షిఫ్టుకు ఆమే పెద్ద.

ఇస్త్రీ యంత్రానికి దుప్పటి అందించడం ఒక్కరి వల్ల కాదు. ఇద్దరు చెరో కొసా పట్టుకుని, ఒకే విసురుతో విప్పి, కదిలే పట్టీ మీద పరచాలి. ఒకరు క్షణం తొందరపడ్డా దుప్పటి వంకర పోతుంది, యంత్రం ఆగుతుంది. అందుకని జంటలు కుదర్చడమే అక్కడ అసలు విద్య. ఆతెకు ఒక నియమం ఉండేది: ఒకే పండగ ఉన్న ఇద్దరినీ ఒక యంత్రం మీద పెట్టకూడదు. రంజాన్ నెలలో పొద్దు వాలగానే ఒకరు కొస వదిలి ఖర్జూరం నోట్లో వేసుకోవడానికి వెళతారు. అప్పుడు రెండోవాళ్ళు నిలబడే ఉండాలి. ఖాళీ అయిన కొసను ఆతె వచ్చి పట్టుకునేది. ఉపవాసాలున్న వాళ్ళు నలుగురు ఉంటే నాలుగు యంత్రాల మధ్యా పరుగులు పెట్టేది. ఆమె షిఫ్టులో ప్రార్థన గురించి గానీ పండగ గురించి గానీ ఒక్క ఫిర్యాదు పైకి వెళ్ళలేదు.

ఎవరికి ఏది ఎప్పుడు అవసరమో మొదట్లో కాగితం మీద రాసుకునేది. ఆవిరికి సిరా అలుక్కుపోయేది. అందుకని చిరుగుపడి పక్కన పారేసిన ఒక దిండు గలీబు తీసుకుని, దాని మీద అందరి పేర్లూ వరసగా కుట్టింది. పేరు పక్కన రంగు దారాలతో ముడులు వేసింది. ఆకుపచ్చ ముడి ఉన్నవాళ్ళది రంజాన్. పసుపు ముడి ఉన్నవాళ్ళకు క్రిస్మస్ జనవరి ఏడున. నీలం ముడులున్న ఇద్దరు ఎదురుపడితే చాలు, ఉప్పూ నిప్పూ. గోధుమరంగు ముడి వాళ్ళు సొంత ఊళ్ళో ఎవరైనా పోతే నాలుగు రోజులు వెళ్ళి శవం దగ్గర కూర్చోవాలి. డార్లీన్ పేరు పక్కన అదే ఉండేది.

“ఆతె, ఇంకో గోధుమ దారం సిద్ధం చేసుకో. మా మేనత్త మాట తేడాగా ఉంది.”

“పోయినేడాది కూడా ఇదే మేనత్త కదే?”

“గట్టి మనిషి. ఆవిడ పోయేలోగా నువ్వు రిటైరవుతావులే.”

ఆ గలీబు ఆతె అల్మారా తలుపు లోపలివైపు వేలాడేది. అందరికీ తెలుసు, ఎవరికీ అభ్యంతరం లేదు. ఎరుపు ముడి మాత్రం ఒక్కటే ఉండేది. దాని అర్థం ఆతెకూ, ఆ ముడి ఉన్న హయాత్‌కూ తప్ప మూడో మనిషికి తెలియదు.

హయాత్ ఎరిత్రియా పిల్ల, ఆకుపచ్చ ముడి కూడా ఉన్న మనిషి. ఆరేళ్ళ కిందట పనిలో చేరిన వారంలోనే మాసిన సంచుల గదికి పంపారు. రోగాల బట్టల గాలి బయటికి రాకూడదని ఆ గది తలుపు ఎప్పుడూ మూసే ఉంచుతారు. తలుపు పడగానే హయాత్ చెవులు మూసుకుని నేల మీద కూలబడింది. ఆతె ఆమెను బయట లారీలు ఆగే చోటికి తీసుకెళ్ళి, అప్పుడే ఆరిన దుప్పట్లు రెండు చుట్టింది. ఆ మంచులో నిలబడి హయాత్ చెప్పింది: ఎడారి దాటేటప్పుడు తమను ఒక ఇనుప పెట్టెలాంటి లారీలో కుక్కారనీ, మూడు రోజులు తలుపు తీయలేదనీ, తీసేసరికి తన చెల్లెలు బతికి లేదనీ.

“ఎవరికీ చెప్పకు ఆతె.”

“నా పిల్లల మీద ఒట్టు” అంది ఆతె.

ఆ ఒట్టుకు గుర్తే ఎర్ర ముడి. తలుపు మూసే గదిలోకి ఈ పిల్లను పంపకూడదని.

కాలం గడిచింది. హయాత్‌కు కూతురు పుట్టింది. రెండేళ్ళుగా ఆమె ఎవరూ అడక్కుండానే ఆ గదిలోకి వెళ్ళి సంచులు లాక్కొస్తోంది, ఏదో పాట కూనిరాగం తీస్తూ. ఆతె చూసింది, మురిసింది. ముడి మాత్రం అలాగే ఉండిపోయింది. వేసేటప్పుడు ఉన్న జ్ఞాపకం విప్పేటప్పుడు ఎవరికుంటుంది?

ఆ జనవరిలో పగటి షిఫ్టుకు పెద్దగా ఉండే ఉద్యోగం ఖాళీ అయింది. హయాత్‌ను పోరి పోరి దరఖాస్తు పెట్టించింది ఆతే.

“నాకిస్తారా ఆతె? నా ఇంగ్లీషుకు నేనే నవ్వుకుంటాను.”

“బ్రెంట్ సారు ఇంగ్లీషుకు నేను ఇరవై ఏళ్ళ నుంచీ నవ్వుకోవడం లేదూ? పెట్టు. నీ కూతురు బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉంటావు. రోజూ పక్కింటి వాళ్ళ సోఫా మీద నిద్రపోతోంది పిల్ల.”

అదీ హయాత్ ఆశ. సాయంత్రం పూట కూతురికి తన చేత్తో అన్నం పెట్టుకోవడం.

మేనేజరు బ్రెంట్ చెడ్డవాడేమీ కాదు. ఎవరైనా సరే అలాగే అనుకునేవాళ్ళు. ఒకరోజు రెండు కాఫీలు పట్టుకొచ్చి, బోర్లించిన తొట్టి మీద ఆతె పక్కనే కూర్చున్నాడు. రెమెడియోస్‌ను అతను రెమీ అనేవాడు.

“హెడ్డాఫీసు వాళ్ళు ఒక ఫారం పంపారు రెమీ. పదకొండు దేశాల వాళ్ళను గొడవల్లేకుండా ఎలా నడుపుతున్నారో రాయమంటున్నారు. నాకేం తెలుసు? నడిపేది నువ్వు కదా.”

ఇరవై రెండేళ్ళలో నీ పని ఎలా చేస్తావని ఆతెను అడిగినవాడు అతనొక్కడే. ఆమె అల్మారా తెరిచింది. అతను ఒక్కో రంగూ అడిగాడు, ఆమె చెప్పింది. చెబుతుంటే తనకే ఆశ్చర్యం వేసింది, ఇంత పని చేశానా అని. ఎరుపు దగ్గరికొచ్చేసరికి ఆగింది.

“ఇదొక్కటీ వదిలేయండి సార్.”

“నా దగ్గర దాపరికమా? తెలియక రేపు నేనే ఆ పిల్లను ఇబ్బంది పెడితే?”

కాఫీ వేడిగా ఉంది. అతని ముఖం నమ్మకంగా ఉంది. “మూసిన గదులంటే భయం సార్. ఒకప్పుడు” అంది ఆతె. అతను రాసుకున్నాడు. ఆ చివరి మాట కూడా రాసుకున్నాడో లేదో ఆమె చూసుకోలేదు. “ఫొటో తీసుకుని ఇచ్చేస్తాను” అంటూ గలీబు మడిచి పట్టుకెళ్ళాడు.

పది రోజుల తర్వాత, హాజరు వేసే యంత్రం పక్కన గోడకు గాజు చట్రంలో ఆ గలీబు ప్రత్యక్షమైంది. పైన పెద్ద అక్షరాలతో ‘మన రంగులు’ అనీ, కింద ఏ ముడికి ఏం అర్థమో చక్కగా అచ్చేసిన పట్టికా ఉన్నాయి. షిఫ్టు మారే వేళ అందరూ గుమిగూడారు. డార్లీన్ కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివింది.

“గోధుమరంగు: అంత్యక్రియలకు తరచుగా సెలవు. బాగుందే! మావాళ్ళు చావడానికి కంపెనీ రంగు కూడా కేటాయించింది.”

ఎవరూ నవ్వలేదు. నీలం ముడుల వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని చెరో వైపుకు జరిగారు. హయాత్ వేలు గాజు మీద ఆనించి తన పేరు నుంచి ముడికీ, ముడి నుంచి పట్టికకూ తెచ్చింది. ‘ఎరుపు: మూసిన గదుల భయం. ఆ పనులకు తగరు.’ అంతే ఉంది. ‘ఒకప్పుడు’ అన్న మాట ఎక్కడా లేదు.

ఆమె వెనక్కి తిరిగింది. “పిల్లల మీద ఒట్టు పెట్టావు కదా ఆతె.”

“నీ మంచికే చెప్పానే...”

“ఆ లారీ ఎక్కించినవాడు కూడా మంచికే అన్నాడు.”

మూడో రోజున హయాత్‌కు ఉత్తరం వచ్చింది. షిఫ్టు పెద్ద మాసిన సంచుల గదిలోకీ వెళ్ళాల్సి ఉంటుంది కాబట్టి, భద్రత కారణాల వల్ల ఆ ఉద్యోగం ఇవ్వలేకపోతున్నామని. ఆతె మేనేజరు గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళింది.

“నా గలీబు ఇచ్చేయండి.”

“గలీబు ఆసుపత్రిది కదా రెమీ” అన్నాడు బ్రెంట్ నవ్వుతూనే. “కింద నీ పేరు కూడా వేయించాను. చూశావా?”

“‘ఒకప్పుడు’ అన్నాను సార్. ఆ పిల్ల ఇప్పుడు రోజూ ఆ గదిలోకి వెళుతోంది. వెళ్ళి చూడండి.”

“నీ చేత్తో కుట్టిన ముడి ఉంది. దాన్ని నమ్మాలా, ఇప్పుడు నువ్వు అంటున్నదాన్ని నమ్మాలా? రేపు ఏదైనా అయితే సంజాయిషీ చెప్పాల్సింది నేను.” మళ్ళీ నవ్వి, “హెడ్డాఫీసు బహుమతికి మన ఫారం చివరి మూడింటిలో నిలిచింది తెలుసా?” అన్నాడు.

ఆ సాయంత్రం కాఫీ తెచ్చిన చెయ్యీ, ఈ చెయ్యీ ఒకటేనా అని ఆతె అతని చేతులకేసే చూస్తూ నిలబడింది. తిట్టినా సగం తనకే తగులుతుంది. మోసం చేసింది అతనే. కానీ అల్మారా తెరిచింది తను.

వారానికి రంజాన్ మొదలైంది. మొదటి రోజు ఆరు దాటాక, ఎత్తుగా ఉన్న కిటికీలో వెలుగు పలచబడుతుంటే, ఆతె ఎప్పటిలాగే మూడో యంత్రం దగ్గరికి నడిచింది. హయాత్ ఒక కొస, డార్లీన్ ఒక కొస. ఆతె హయాత్ పక్కన నిలబడి చెయ్యి చాచింది.

“ఇటివ్వు. వెళ్ళి తినిరా.”

హయాత్ కొస వదల్లేదు. దుప్పటి విసిరింది, పరిచింది, ఇంకోటి అందుకుంది. ఆతె చెయ్యి గాల్లోనే ఉంది.

“పొద్దు వాలిపోయిందే” అంది ఆతె.

“నాకు తెలుసు.”

రెండు దుప్పట్లు పోయాయి. మూడోది అందుకోబోతూ డార్లీన్ ఆగింది. ముందుకు వంగి, హయాత్ ఏప్రాను జేబులోంచి ఖర్జూరం తీసి ఆమె నోట్లో పెట్టింది. తన సీసా మూత తిప్పి రెండు గుక్కల నీళ్ళు తాగించింది. పట్టీ ఖాళీగా నాలుగడుగులు కదిలిందేమో, అంతే.

“కానివ్వు” అంది డార్లీన్. ఆతె వైపు చూడలేదు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని మూడో దుప్పటి విసిరారు. అది ఎక్కడా వంకర లేకుండా యంత్రంలోకి వెళ్ళింది.